కన్నోరి చీరకు బేరం

ఈ వయసులో నాకొక మరదలు దొరికింది, చేజారింది, ఆమే చెల్లెలై తిరిగొచ్చింది. మరదలిని పోగొట్టుకోవడంలో తప్పంతా నా నోటిది. చెల్లెలిని సంపాదించుకోవడంలో నా గొప్పేమీ లేదు, అదంతా ఆమె తెలివి. ఈ వ్యవహారమంతా ఒక చీర చుట్టూ తిరిగింది. ఆ చీర సంగతి ఆమె వచ్చిన రోజే అందరి ముందూ చెప్పింది. నేనే వినలేదు. నా చెవులు బాగానే పనిచేస్తాయి, కానీ ఆ పూట వాటి మధ్యనున్న బుర్ర వేరే లెక్కలో ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. శ్రీకాకుళంలో బట్టల కొట్టు నడిపిన షావుకారిని. కొట్టు కింద, కాపురం పైన, మధ్యలో నిచ్చెనలాంటి నిలువు మెట్లు. మా ఆవిడ పోయాక నా మోకాళ్ళకీ ఆ మెట్లకీ మాటల్లేకుండా పోయాయి. మా అబ్బాయి కింద గోడౌను ఖాళీ చేసి గది కట్టిస్తానన్నాడు. బతికినంతకాలం బట్టల బేళ్ళ మధ్యే బతికాను, చావడం కూడా అక్కడేనా అని పౌరుషపడి, ఎచ్చెర్ల దాటాక జీడితోటల పక్కనున్న ఈ వృద్ధాశ్రమానికి నా అంతట నేనే వచ్చి చేరాను. వచ్చిన కొద్దిరోజులకే పౌరుషం దిగిపోయింది. కానీ అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం మా కొట్టు ఆచారం కాదు కదా, ఇక్కడే ఉండిపోయాను. ఆదివారం మా అబ్బాయి పళ్ళు తెచ్చి, "ఎలాగుంది నాన్నా" అంటాడు. "భేషుగ్గా ఉంది" అంటాను. బత్తాయిలు మాత్రం నిజంగానే బాగుంటాయి.

మా ఆశ్రమంలో టీవీ ఉంది, క్యారమ్ బల్ల ఉంది, భజనకి తాళాలున్నాయి. వాటి జోలికి ఎవరూ పోరు. మాకు అసలైన కాలక్షేపం వరసలు కలపడం. కొత్త మనిషి గేటు దాటి వచ్చి సంచీ కింద పెట్టకముందే మేం చుట్టూ చేరి ఏ ఊరు, ఎవరి తాలూకు, కన్నవారెవరు, అత్తవారెవరు అని ఆరా తీస్తాం. ఎక్కడో ఒకచోట ముడి దొరుకుతుంది. కులాలు వేరైనా ఊరి వరస ఊరి వరసే. మా వైపు ఒక ఊరి ఆడపిల్ల ఊరందరికీ ఆడపిల్ల. వరస తేలేదాకా వచ్చినామె 'కొత్తామె'. తేలాక ఆమె ఎవరికో అప్ప, ఎవరికో పిన్ని. అప్పుడు హక్కులు పుడతాయి. బావామరదళ్ళైతే ఎంత వెక్కిరించుకున్నా తప్పులేదు. అన్నాచెల్లెళ్ళైతే నోరు అదుపులో పెట్టుకోవాలి. తగువొస్తే తీర్చడానికి మా అందరిలోకీ పెద్దాయన ఒకడున్నాడు. ఆయన రైతు, ఊళ్ళో గట్ల తగాదాలు తీర్చిన మనిషి. వరస ఏదైనా సరే అందరం ఆయన్ని పెద్దమావ అనే పిలుస్తాం.

ఆమె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొట్టి మనిషి, నెరిసిన ముడి, ముక్కుకి నత్తు లేదు గాని నత్తు ఉన్నట్టే ముక్కెత్తి నడిచింది. విజయనగరంలో ఉన్న కూతురు దించి వెళ్ళింది. అల్లుడి ఇంట్లో ఉండటం ఈమెకే ఇష్టం లేదట. పెద్దమావ తన మామూలు ప్రశ్న వేశాడు.

"అత్తోరిది పొందూరు పక్కనూరు. కన్నోరిది భావనపాడు కాడ" అని ఆ ఊళ్ళ పేర్లు కూడా చెప్పి, ఆమె అక్కడితో ఆగకుండా ఇంకో మాట కూడా అంది. "కన్నోరింట ఎవులూ నేరు. తమ్ముడు పోనాడు. ఆడి పిల్లలు పొట్ట సేత పట్టుకుని ఎక్కడెక్కడికో ఎల్లిపోనారు. రేపు నాను పోతే కన్నోరి సీర ఎవులు తెస్తారో తెల్దు. అదొక్కటే బెంగ. మిగతాదంతా బాగానే ఉన్నాది."

కన్నోరి చీర అంటే పుట్టింటి చీర. ఆడమనిషి పోతే ఆమె పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. అత్తవారు పట్టుచీర కప్పినా సరే, అది రాకపోతే వెనక ఎవరూ లేని మనిషిలా పంపించేసినట్టే. అక్కడున్న ముసలమ్మలందరూ ఆ మాటకి ఉస్సూరన్నారు. నేను మాత్రం భావనపాడు దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆమె చెప్పిన ఊరు మా అమ్మ పుట్టిన ఊరు. మా అమ్మ ఊరి ఆడపిల్ల నాకేమవుతుంది? మేనమామ కూతురి వరస. అంటే మరదలు. ఈ లెక్క నేను గల్లాపెట్టె ముందు కూర్చున్న రోజుల్లో కూడా ఇంత వేగంగా చేయలేదు.

"అయితే నువ్వు నాకు మరదలివి" అని అందరి ముందూ ప్రకటించాను.

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఓసారి చూసింది. జాకెట్టు ముక్కకి రంగు నప్పిందో లేదో చూసినట్టు చూసింది. "అలగేటి? సర్లే బావా" అంది.

ఆ 'సర్లే'లో చాలా ఉంది. నాకు 'బావా' ఒక్కటే వినబడింది.

ఆ మర్నాటి నుంచి నా అవతారం మారింది. మా అబ్బాయికి ఫోన్ చేసి జుట్టుకి వేసుకునే రంగు తెమ్మన్నాను. పెట్టె అడుగున పడి ఉన్న పొందూరు ఖద్దరు పంచెలు పైకి తీసి గంజి పెట్టించాను. గంజి ఎక్కువై అవి నిలబడే ఉండేవి, నేనే వాటిలోకి జాగ్రత్తగా దిగాల్సి వచ్చేది. సాయంత్రం టీ వేళకి వరండాలో ఆమె కుర్చీ పక్కన నా కుర్చీ. మాటకి మాట. "మరదలా, నీ నడక చూస్తే మా ఊరి అమ్మోరు గుర్తొస్తోంది" అని నేనంటే, "బావా, మీసాలకి రంగేసినావు గాని కనుబొమ్మలు మరిసిపోనావు. పైన ముసలోడు, కింద కుర్రోడు, మద్దిన ముక్కు ఎవులిది?" అని ఆమె. వరండా అంతా నవ్వేవాళ్ళు. నన్ను చూసే నవ్వేవాళ్ళనుకోండి, అయినా నేను గెలిచినట్టే లోపలికి వెళ్ళేవాణ్ణి.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం కోసమే పొద్దున్న లేచేవాణ్ణి. ఇక్కడ మమ్మల్ని అందరూ బాగానే చూస్తారు. మందులు వేళకిస్తారు, అన్నం మెత్తగా వండుతారు. కానీ మనతో వాదించేవాళ్ళు ఉండరు. ఏం మాట్లాడినా "అలాగే తాతగారూ" అంటారు. మా అబ్బాయి కూడా ఇప్పుడు అలాగే అంటున్నాడు. జీవితమంతా బేరమాడి బతికినవాడికి ఎదుటివాడు ఎదురుచెప్పకపోవడం ఎంత నరకమో ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆమె ఒక్కతే నాతో బేరం తెగనిచ్చేది కాదు.

ఆమెకు అడ్డపొగ అలవాటు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. చూసేవాళ్ళకి నిప్పు కనబడదు, ఏదో నములుతున్నారనుకుంటారు. ఆశ్రమంలో పొగ నిషేధం. చుట్టలు తెచ్చిపెట్టే పని నాది. మందుల షాపుకని చెప్పి రోడ్డు మీది బడ్డీకి నడిచి వెళ్ళి చుట్టలు కట్టించుకొచ్చేవాణ్ణి. మోకాళ్ళ నొప్పికి ఆశ్రమం మెట్లు ఎక్కలేనివాణ్ణి, చుట్టల కోసం అంత దూరం నడిచానంటే నాకే నవ్వొస్తుంది. ఒకరోజు గేటు దగ్గర నర్సమ్మ నా జేబు తడిమి పొట్లం పట్టుకుంది.

"ఎవరికి తాతగారూ ఇవి?"

"నాకే" అన్నాను. నాకు చుట్ట వాసన కూడా పడదు.

ఆ పూట నర్సమ్మ నన్ను కుర్చీలో కూలేసి ఊపిరితిత్తుల మీద పెద్ద పాఠం చెప్పింది. మా అబ్బాయికి ఫోన్ చేసింది. వాడు ఆదివారం వచ్చి బత్తాయిలతో పాటు తానూ ఓ పాఠం పట్టుకొచ్చాడు. వరండాలో ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె కోసం నింద మోశానని నేను పొంగిపోయాను. ఈ వయసులో ప్రేమకథ అంటారే, అలాంటిదేదో నడుస్తోందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఇందులో ఒక చిక్కుంది. అది నాకు మొదటి నుంచీ తెలుసు. ఆమె అత్తవారి ఊరు, మా ఆవిడ పుట్టిన ఊరు ఒకటే. ఆ లెక్కన మా ఆవిడ ఆమెకు ఆడపడుచు వరస. ఆడపడుచు మొగుడు అన్న అవుతాడు. ఈ లెక్క కూడా నేను ఆ మొదటిరోజే చేసి, దొంగ సరుకులా అట్టడుగున దాచేశాను. మీ ఆవిడది ఏ ఊరని ఎవరైనా అడిగితే నాకు వెంటనే దగ్గొచ్చేది. నర్సమ్మ ఆ దగ్గుకి సిరప్పు కూడా ఇచ్చింది, తాగాను.

ఒక పొద్దున్న టిఫిను దగ్గర పెళ్ళిళ్ళ మాటొచ్చింది. ఉప్మా పెట్టిన రోజున మేం తిండి మీద దృష్టి పెట్టం, కబుర్ల మీద పెడతాం. ఎవరో ఫంక్షన్ హాలు పెళ్ళిళ్ళ గురించి చెబుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "మా పెళ్ళి చూసుండాల్సింది" అని మొదలుపెట్టాను. ఎడ్లబళ్ళ వరస, ఊరేగింపులో మేళం, మా మావగారు ఊరందరికీ వేయించిన పంక్తులు, అన్నీ చెప్పాను. ఎదురుగా ఆమె శ్రద్ధగా వింటోంది. ఆమె అంత శ్రద్ధగా వింటుంటే నాకింకా ఊపొచ్చింది. "ఆ ఊళ్ళో అంతటి పెళ్ళి అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు" అంటూ ఊరి పేరు కూడా చెప్పేశాను.

చెప్పాక గాని తెలియలేదు. దగ్గుదామని చూశాను, దగ్గు రాలేదు.

ఆమె చెంచా పళ్ళెంలో పెట్టింది. "ఏ ఊరన్నావు?"

"ఏదో ఊరులే."

"ఏదో ఊరు కాదు. అది మా అత్తోరూరు. అలగైతే నీ ఆడది నాకు ఆడబొడ్డు. నువ్వు నాకు అన్నియ్యవి. ఇన్నాళ్ళూ ఏటి సేస్తన్నావు మరి, బావా బావా అని పిలిపించుకుని?"

ఉప్మా చల్లారిపోయింది. పెద్దమావని పిలిచారు. ఆయన చేతికర్ర ముందు పెట్టుకుని మా ఇద్దరి వాదనా విన్నాడు. నేను శక్తి కొద్దీ వాదించాను. మా అమ్మ వైపు వరస ముందు తేలింది కాబట్టి ముందు తేలిందే నిలవాలన్నాను. రక్తం వరస గొప్పదన్నాను. ఊరి వరసలో రక్తమెక్కడిదని ఆయన అడిగాడు.

"ఆడకూతురికి పెళ్ళయ్యినాక అత్తోరి వరసే ముందు. కన్నోరి వరస ఎనక" అన్నాడు పెద్దమావ. "ఈ దినం నుంచి షావుకారు అన్న, ఈ అమ్మి సెల్లి. ఇంక ఎకసెక్కాలు సెల్లవు. తగువు తీరిపోనాది, టీ తెమ్మనండి."

మీరు నవ్వొచ్చు, నేను మాత్రం నిజంగా అలిగాను. వరండాలోకి పోవడం మానేశాను. రంగు వేయడం కూడా మానేశాను. చెల్లెలి ముందు నల్ల మీసంతో తిరిగి సాధించేదేముంది? కొద్దిరోజులకి మీసం మూడు రంగుల్లోకి వచ్చింది. కొసలు నలుపు, మధ్యన ఎరుపు, మొదట్లో తెలుపు. దాన్ని చూసి తోటమాలి కూడా నవ్వాడు.

ఒక సాయంత్రం ఆమే నా గది గుమ్మంలోకి వచ్చింది. "అన్నియ్యా, అలిగినావేటి? రా, కూకుందాం" అంది. అలిగినవాడు వెంటనే లేవకూడదని అనుకుంటూనే లేచాను.

వరండాలో కూర్చున్నాక ఆమె మెల్లగా చెప్పింది. "నీ పెళ్ళి నాను సూసినాను. అప్పటికి నాను ఆ ఊరికి కొత్తకోడల్ని. పీటల మీద నీ పంచె జారిపోతంటే పట్టుకుంటావా, తాళి కడతావా అని ఆడోళ్ళందరం ఒకటే నవ్వు. నిన్ను గేటు కాడ సూసినప్పుడే పోల్చీసినాను."

నాకు చెవులు వేడెక్కాయి. "మరి ఆ రోజే అన్న వరస అని చెప్పొచ్చు కదా?"

"ఎలగ సెప్తాను? అన్నని ఊరికినే తెచ్చీసుకుంటారేటి? మంచోడో కాడో సూసుకోవాల. సెప్పిన పని సేస్తాడో నేదో సూసుకోవాల. సుట్టలు తెమ్మన్నాను, తెచ్చినావు. పట్టుబడినావు, నా పేరు సెప్పనేదు. అప్పుడు అనుకున్నాను, ఈడు పనికొస్తాడని. నువ్వే నోరు జారతావని సూస్తన్నాను. జారినావు."

నా ప్రేమకథ అక్కడ ముగిసింది. ఇన్నాళ్ళూ నేను కొనుగోలుదారుణ్ణి అనుకుంటూ మీసం దువ్వుకున్నాను. తీరా చూస్తే కొనేది ఆమె, నేను సరుకుని. తిప్పి చూసింది, ఉతికి చూసింది, రంగు పోతుందేమోనని పరీక్ష పెట్టింది. ఆ రంగు సంగతి మాత్రం నా మీసాన్ని చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఏ పనికి పనికొస్తానని?" అన్నాను.

"కన్నోరి సీరకి" అంది. "మొదటి దినమే సెప్పినాను. అందరూ యిన్నారు, నువ్వు యిన్లేదు. బావ తెస్తే అది సెల్లదు, అన్న తేవాల. మా తోడికోడలికి ఎవులూ తేనేదు అన్నియ్యా. పాడె కాడ పెద్దోళ్ళు కన్నోరు ఎవులమ్మా అని అడిగితే ఎవులూ పలకనేదు. అది జీవితమంతా అందరికీ పెట్టిన మనిషి. ఆ మాట అడిగి, ఎవులూ పలక్కుండా ఉంటాది సూడు, అది నాకొద్దు."

నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ సంతోషమేసింది. ఈ లోకంలో నాతో ఇంకా ఒకరికి పని ఉంది. అదీ నేను తప్ప ఇంకెవరూ చేయలేని పని. నేను వెంటనే షావుకారినైపోయాను. "అదెంత పని చెల్లీ. మన కొట్టుంది. ఫోన్ చేస్తే చాలు, మావాడు ఏ చీర కావాలంటే ఆ చీర పంపిస్తాడు" అన్నాను. అని, అక్కడితో ఆగొచ్చు కదా. మా వ్యాపారం మర్యాద గురించి గొప్పలు మొదలుపెట్టాను. ఆ చీర కోసం వచ్చేవాళ్ళని మేం ఇట్టే పోలుస్తామనీ, వాళ్ళు రంగు చూడరు, బేరమాడరు, మొదట చేతికందిందే తీసుకుంటారనీ, అది తెలియగానే మేం మాట ఆపేసి, తలదించుకుని, మడత పెట్టి ఇచ్చేస్తామనీ చెప్పాను. మా నాన్న నాకు నేర్పాడు, నేను మా అబ్బాయికి నేర్పాను, ఆ పద్ధతి చూసి ఊళ్ళో అందరూ మెచ్చుకునేవాళ్ళన్నాను.

ఆమె మెచ్చుకోలేదు.

"మా యమ్మ పోయినప్పుడు సీరకి మా మేనమావతో నానూ ఎల్లినాను" అంది. "సిన్నదాన్ని. షాపాయన రండి రండి అని నవ్వుతా పిల్సినాడు. ఇది సూడండి, అది సూడండి అన్నాడు. మా మావ ఏటీ అడక్కుండా ఒక సీర మీద సెయ్యేసినాడు. అంతే, షాపాయన నోరు మూసీసినాడు. అందరూ మూసీసినారు. అప్పటిదాకా అమ్మ ఇంటికాడే ఉన్నాది అనుకుంటన్నాను అన్నియ్యా. ఆడు మాట ఆపినాక నాకు తెల్సింది, నేదని."

ఎన్ని కుటుంబాల ముందు ఆ మర్యాద చేసుంటానో, ఎంత గర్వంగా చేసుంటానో తలుచుకుంటే నా తల నిజంగానే దిగింది.

తర్వాత ఆమె తన షరతులు చెప్పింది. ఫోన్లో తెప్పించిన చీర పనికిరాదు. గల్లా వెనక కూర్చుని తీసి పారేసిన చీర పనికిరాదు. నేనే వెళ్ళాలి, కొనేవాళ్ళ వైపు కూర్చోవాలి, నాలుగు రకాలు తీయించాలి, వంకలు పెట్టాలి, బేరమాడాలి. బతికున్న చెల్లెలికి అన్న ఎలా కొంటాడో అలా కొనాలి. ముందే కొని పెట్టెలో దాచడం కుదరదు, అలా దాస్తే అది ఉత్త చీరే అవుతుంది.

"రంగు?" అన్నాను.

"మామిడాకు పచ్చ. ఎర్రంచు. సిలకాకు పచ్చ తెచ్చినావంటే లెగిసి కూకుంటాను."

మొగుడు పోయినామెకి అంత రంగు చీరంటే జనం ఏమంటారోనని నసిగాను. పాతకాలం షావుకారిని కదా, ఎవరికి ఏ రంగు చూపించాలో బుర్రలో అచ్చు పడిపోయింది.

"అత్తోరికి నాను ముండమోసినదాన్ని" అంది ఆమె. "కన్నోరికి ఆడపిల్లనే. కన్నోరి సీరకి రంగేటి తక్కువ?"

ఆ రోజు నుంచి నాకు కొత్త ఉద్యోగం పడింది. ఆమె కంటే ముందు పోకూడదు. అప్పటిదాకా రక్తపోటు మాత్రలు తులసికోటకి వేసేవాణ్ణి, ఆ తులసి బాగానే ఉండేది. ఇప్పుడు వేళకి మింగడం మొదలుపెట్టాను. పొద్దున్నే సోడి అంబలి, అదే రాగి జావ, తాగాను. తోటలో నడిచాను. నర్సమ్మ నన్ను చూపించి అందరికీ చెప్పేది, తాతగారిని చూసి నేర్చుకోండని. నాలో నాకే ఒక తిరకాసు ఉండేది. మాట నిలబెట్టుకోవాలంటే ఆమె నాకంటే ముందు పోవాలి. ఆమె పోతే సాయంత్రం వరండాలో నన్ను వెక్కిరించేదెవరు? అన్న వరసైనా ఆమె వెక్కిరించడం మానలేదు. పెద్దమావ తీర్పు నాకొక్కడికే వర్తించింది. అందుకని ఇద్దరం చాలాకాలం బతికుండటమే ఈ లెక్కకి జవాబని తేల్చుకుని, రోజూ అదే లెక్క మళ్ళీ చేసేవాణ్ణి.

వానాకాలంలో ఆమెకి జ్వరమొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. వచ్చాక మనిషి సగమైంది. చుట్ట అడగలేదు. అడగకపోతే నాకు భయమేసి నేనే తెచ్చి చూపించాను. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "దాసు అన్నియ్యా, రేపు కాలుస్తాను" అంది. ఇంకో పొద్దున్న టీ తాగి, గ్లాసు నర్సమ్మ చేతికిచ్చి, పక్కకి ఒత్తిగిలి పోయింది.

కూతురొచ్చింది. అత్తవారి ఊరినుంచి పెద్దలొచ్చారు. ఆశ్రమం ముంగిట్లో టార్పాలిన్ కట్టారు. అన్నీ చకచకా జరిగిపోతున్నాయి. నేను గోడవార కుర్చీలో ముద్దలా కూర్చున్నాను. అప్పుడు అత్తవారి ఊరి పెద్దల్లో ఒకాయన, అడగాలి కాబట్టి అడిగినట్టు, "కన్నోరి తరపు ఎవులైనా ఉన్నారేటి?" అన్నాడు. కూతురు తల అడ్డంగా ఊపబోయింది.

నాకు నోరు రాలేదు. ఊళ్ళో ఎవరి పెళ్ళైనా, ఏ పంక్తిలోనైనా నా నోరే ముందుండేది. ఆ క్షణాన అది మాత్రం రాలేదు.

"ఉన్నాడు" అన్నాడు పెద్దమావ, కర్ర నేలకి తాటించి. "అన్న ఉన్నాడు. సీరకి బయల్దేరతన్నాడు. ఆడొచ్చిందాకా ఎత్తకండి."

లేచాను. ఆటో ఎక్కించారు. ఎచ్చెర్ల, హైవే, నాగావళి వంతెన, బజారు, అన్నీ వచ్చాయి, పోయాయి. నేను మామిడాకు పచ్చని మరిచిపోకూడదని దారి పొడుగునా చెట్లనే చూస్తూ వెళ్ళాను.

కొట్లో మా అబ్బాయి గల్లా దగ్గర ఉన్నాడు. "ఏటి నాన్నా, చెప్పకుండా వచ్చేశావు. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. ఇటు రా" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. నేను అటు వెళ్ళలేదు. కొనేవాళ్ళు కూర్చునే పరుపు మీద, ఇటువైపు, కూలబడ్డాను. ఆ పరుపు మీద కూర్చోవడం నాకదే మొదటిసారి. గల్లా అక్కణ్ణుంచి చాలా ఎత్తుగా కనబడింది.

"చీరలు చూపించు" అన్నాను. "మామిడాకు పచ్చ, ఎర్రంచు."

"ఎవరికి?"

"చెల్లెలికి."

వాడు నవ్వాడు. "నీకు చెల్లెలెక్కడిది నాన్నా?"

"నీకెందుకు? సరుకు తియ్యి."

తీశాడు. చిలకాకు పచ్చ తీశాడు, ఇది కాదన్నాను. ఇంకోటి తీశాడు, అంచు సన్నమన్నాను. ఇంకోటి పరిచాడు. అది సరిగ్గా ఆమె చెప్పినదే. చేయి వేయబోయి ఆగాను. నేత పలచగా ఉందన్నాను, కొంగు చప్పగా ఉందన్నాను. ధర అడిగాను.

"ధరేటి నాన్నా, మన కొట్టే. తీసుకెళ్ళు."

"నాకు ఊరికే వద్దు. ధర చెప్పు."

చెప్పాడు. చాలా ఎక్కువన్నాను. వాడు మళ్ళీ నవ్వబోయి, నా పాదాల వైపు చూశాడు. చెప్పులు లేకుండా వచ్చానని నాకూ అప్పుడే తెలిసింది. వాడి నవ్వు ఆగింది. నా మొహం చూశాడు. నేను నేర్పిన కొడుకే కదా, అర్థమైపోయింది. నోరు మూసుకున్నాడు. తలదించుకున్నాడు. చీర మడత పెట్టడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి కొట్లో పనివాళ్ళు కూడా మాటలాపేశారు.

ఆమె పోయిందని నాకు పొద్దుటే తెలుసు. కానీ ఆ కొట్టు మూగబోయినప్పుడు నాకు చెల్లెలు లేకుండా పోయింది.

"మాట ఆపకు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మాట ఆపకురా. మడత విప్పు. నీ సరుకు గొప్ప చెప్పు. నాతో బేరమాడు."

వాడు గొంతు సవరించుకున్నాడు. మడత విప్పి, కొంగు నా ఒళ్ళో పరిచి, "ఇది మంచి నేతండి. ఎన్ని ఉతుకులేసినా రంగు పోదు" అన్నాడు. నన్ను అండి అన్నాడు.

"అందరూ అలాగే చెప్తారు. రెండు ఉతుకులకి వెలిసిపోతే?"

"వెలవదండి. మీ చెల్లెలుగారు కట్టినన్నాళ్ళూ ఇలాగే ఉంటాది."

"అంచు పోయిందనుకో, వెనక్కి తెస్తాను."

"తెండి. మారుస్తాను."

అమ్మిన సరుకు వెనక్కి తీసుకోని కొట్టు మాది. వాడు కళ్ళు తుడుచుకుంటూనే ధర దగ్గర మాత్రం మెత్తబడలేదు. నేను తగ్గించమన్నాను, వాడు గిట్టదన్నాడు. నేను లేచి వెళ్ళిపోబోయాను, వాడు చేయి పట్టి కూర్చోబెట్టి కొంచెం దిగాడు. ఇంకొంచెం దిగమన్నాను, దిగలేదు. ఆఖరికి వాడు చెప్పినదానికే ఒప్పుకుని, ముసలివాణ్ణని చూసి మోసం చేశారని గట్టిగా తిట్టుకుంటూ, చీర చంకన పెట్టుకుని కొట్టు మెట్లు దిగాను.